సూడు

నెల్లిమర్ల మిల్లు గేటుకి ఎదురుగా
మూడో షట్టరు నాది.
జిరాక్సు, లామినేషను, పాస్‌పోర్టు ఫొటోలు.

పాత సిస్టం మొన్న వానాకాలంలో వైరసొచ్చి చచ్చిపోతే
పాలిటెక్నిక్ కుర్రాడు అసిరినాయుడు
పెన్‌డ్రైవులో ఏదో తెచ్చి ఎక్కించాడు.
"దీనికి ఓనరంటూ ఎవులూ నేరక్కా. అందరిదీ."
అందరిదీ అయితే పాడైనప్పుడు ఎవరు బాగుచేస్తారు?
మా వీధి బోరింగుని చూస్తే తెలీదా?
అడిగేలోపు అచ్యుతాపురం బస్సెక్కేశాడు,
కంపెనీలో చేరడానికి.

ఇవాళ పొద్దున్నే తవిటయ్య వచ్చి కూర్చున్నాడు.
ప్లాస్టిక్ కవర్లో పాసుబుక్కు,
పాసుబుక్కు మడతల్లో ముప్పై ఒక్క ఏళ్ల జనపనార వాసన.
రెండు నెలలుగా పింఛను పడటం లేదట.
సైటు తెరిచాను. తెరుచుకోలేదు.
నీ బ్రౌజరు పాతది, కొత్తది చేసుకుని రా
అని ఇంగ్లీషులో, మర్యాదగానే, గెంటింది.

ఎక్కడ చేసుకోవాలి?
ఎవరి వంటింట్లోనో ఉప్పుడబ్బా వెతికినట్టు
ప్రతి మూతా తీసి చూశాను.
నక్క బొమ్మ ఉంది, దాని వెనక దారి లేదు.

ఫోన్ చేశాను. షిఫ్టులో ఉన్నాడు, వెనక మిషన్ల హోరు.
"నల్ల కిటికీ తియ్యక్కా. నాను సెప్పింది కొట్టు.
ఎస్. యు. డి. ఓ."
కొట్టి, చదివాను: సూడు.
"ఏట్రా, ఇది మన భాషేనా?"
నవ్వాడు. "పెద్దోడి మాట మీద సెప్తన్నాను,
సెయ్యి అని అర్థమక్కా."
ఏమో, నాకు సూడు అనే వినిపించింది,
మా అమ్మ పెరట్లోంచి కేకేసినట్టు:
సూడే, పాలు పొంగిపోతన్నాయి, సూడు.

పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే
ఒక్క అక్షరం కనపడదు, చుక్కలైనా లేవు.
కీబోర్డు పోయిందనుకున్నాను.
"కనపడదక్కా. అయినా పడతాది."
సరే, చీకట్లో పిన్నీసు పెట్టుకోడం
వేళ్లకి తెలిసిందే కదా.

అంతే, చీమల బారు.
తెల్లటి వరసలు కిందనుంచి పైకి,
ఎన్నడూ వెళ్లని ఊళ్లలాంటి పేర్లు,
ఒకదానికి ఇంకోటి కావాలట, దానికి మరో నాలుగు.
చివర్న ఆగి అడిగింది: అవునా, కాదా?
ఇన్నేళ్లలో ఏ సిస్టమూ
నన్నిలా అడిగి, నా కోసం ఆగలేదు.
అవును కొట్టాను.

నా ఫోన్ నెట్టు మీద పన్నెండు శాతం, పదమూడు,
కరెంటు పోతుందేమోనని ఫ్యాను మీద ఒక కన్ను.

"ఎంతకి కొన్నావమ్మా ఈ కొత్తది?"
"ఊరికే ఇచ్చారు."
"ఊరికే ఎవులిస్తారు?"
"పేర్లు తెలీవు. ఎక్కడెక్కడి వాళ్లో."
తుండు ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.
"నాకు ముందు ముగ్గురు పోనారమ్మా.
నాను పుట్టగానే మా యమ్మ
పక్కింటోలకి సేటెడు తవుడుకి నన్నమ్మీసి
మల్లీ తవుడిచ్చి తెచ్చుకున్నాది.
ఇలవ నేనోడ్ని సావు ముట్టదని."
పళ్లు లేని నవ్వు.
"ముట్టనేదు మరి."
నలభై ఒక్క శాతం.

అయిపోయాక నక్క బొమ్మ అలాగే ఉంది.
అంచులు కాస్త గుండ్రంగా అయ్యాయేమో, అంతే.
సైటు తెరుచుకుంది, పేరు అడిగింది.
పాసుబుక్కులో ఒక తవిటయ్య, ఆధార్లో ఇంకో తవిటయ్య,
మధ్యన ఒక హెచ్ తేడా,
మిల్లు గుమాస్తా ఎవరో ఎప్పుడో తొందరలో పెట్టిన హెచ్.

ఇద్దరూ ఒక్కడే అని చెప్పే మాట
ఆ నల్ల కిటికీకి తెలుసేమో.
అసిరినాయుడు ఫోన్ ఎత్తట్లేదు.

తవిటయ్య తెర మీదకి వంగాడు.
చదువు రాదు, అయినా తన పేరు ఎక్కడుందో
వేలు పెట్టి చూపించాడు.
"సూడమ్మా. ఇంకోపాలి సూడు."

కిటికీలో తెల్ల గీత
వెలిగి, ఆరి, వెలిగి,
ఏం కొడతానా అని చూస్తోంది.